ఓరచూపు నరసింహస్వామి కొండకు ఒలకని దారి వచ్చిన కథ

నల్లమల అడవి తూర్పున పలచబడి, చేలు మొదలయ్యే చోట గుండ్లమడుగు అనే ఊరు ఉంది. ఆ ఊరికి పడమట నిలిచిన కొండమీద శ్రీ ఓరచూపు నరసింహస్వామి వెలసి ఉన్నాడు. బస్సు దిగగానే కొండ కనిపిస్తుంది. కొండ కనిపించగానే భక్తులు అడిగే మొదటి మాట, ఎంత దూరం అని. దీనికి గుండ్లమడుగులో ఎవరూ సూటిగా జవాబు చెప్పరు. "నడిచేది ఎవరు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇది పెడసరం అనుకోరాదు. ఈ కొండకు మూడు దారులున్నాయి. నడిచేవారిని చూసి దారి చెప్పడం ఇక్కడి మర్యాద.

మొదటిది మెట్ల దారి. ఊరి వైపు నుంచి నిట్టనిలువుగా పైకి పోతుంది. పిక్కబలం ఉన్నవారికి, మొక్కు తొందరలో ఉన్నవారికి ఇది తగినది. రెండవది కోన దారి. వాగు వెంబడి, నేరేడు చెట్ల కింద, తునికి పొదల మధ్యగా సాగుతుంది. వానలు వెళ్లిన తరువాత ఈ దారిన పోతే రెండు చోట్ల నీళ్లు బండమీది నుంచి దూకుతూ కనిపిస్తాయి. కోన దారిన వచ్చేవారు చెట్లూ పిట్టలూ చూస్తూ దేవుణ్ణి మరిచిపోతారని పూర్వపు అర్చకులు కొందరు నొచ్చుకునేవారట. చెట్టును చూడడం దేవుణ్ణి చూడడం అవునా కాదా అనేది పెద్ద చర్చ. దానిని ఇక్కడ ఎత్తుకుంటే ఈ చిన్న పుస్తకం చాలదు.

మూడవది ఒలకని దారి. కొండ వెనుక వైపున మొదలై, ఒక్కో మలుపు దగ్గర తీరిగ్గా తిరుగుతూ పైకి చేరుతుంది. మూడింటిలో పొడవైనది ఇదే, సులువైనదీ ఇదే. నిండు చూలాలు, కర్ర పట్టుకున్న ముసలివారు, చూపు లేనివారు, అప్పుడే నడక నేర్చిన పిల్లలు ఈ దారినే పోతారు. కాళ్లు బాగా ఉన్నవారు కూడా ఒకసారి ఈ దారిన నడిచి చూడవలసినదని మనవి. తూర్పున చెరువులు, దక్షిణాన ఏటి ఇసుక, ఉత్తరాన ఒకదాని వెనుక ఒకటిగా నీలికొండలు మలుపు మలుపుకూ మారుతూ కనిపిస్తాయి. మెట్ల దారిన ఎక్కేవారికి ముందు నడిచేవాని మడమలు తప్ప మరేమీ కనిపించవు.

కొండమీది గుహలో స్వామి కూర్చున్న భంగిమలో ఉన్నాడు. శరీరం ఊరి వైపునకే తిరిగి ఉన్నా, తల మాత్రం ఎడమ పక్కకు మళ్లి ఉంటుంది. రాయిలోని పొరను బట్టి శిల్పి అలా మలిచి ఉంటాడని చదువుకున్న భక్తులు కొందరు అంటారు. అలా అన్నవారికి కూడా తీర్థం ఇస్తారు. అయితే ఈ స్థలానికి తరతరాలుగా వస్తున్న కథ వేరు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, మెట్లూ లేవు. కొండ చుట్టూ గొల్లల మందలు ఉండేవి. కొండమీద గడ్డి, కొండ దిగువన మడుగులో నీళ్లు, ఇంతకంటె గొర్రెలకు గాని గొర్రెలవారికి గాని కావలసింది లేదు. ఆ గడ్డిని ఇంటింటికీ మేరలు, అంటే హద్దులు, వేసి పంచుకున్నారు. మేర నిలవాలంటే ఒక కట్టుబాటు ఉండేది. వైశాఖ శుద్ధ చతుర్దశినాడు, అంటే స్వామి అవతరించిన రోజున, ప్రతి ఇంటి ఆడమనిషి నిండు పాలకుండ తలకెత్తుకుని కొండెక్కాలి. కుండ నేలను తాకరాదు, చేతులు మారరాదు. పొద్దు గుంకే వేళకు స్వామి శిరస్సుమీద ఆ పాలు పోయాలి. వరుసగా మూడు ఏండ్లు ఏ ఇంటి కుండ రాకపోతే ఆ ఇంటి మేర దగ్గరి చుట్టానికి పోతుంది. కట్టుబాటు కఠినంగానే ఉంది. అయితే స్వామిని గొల్లలు తమ ఇంటి పెద్దగా లెక్కగట్టేవారు. పెద్దకు పాలు పోయని ఇల్లు ఇల్లేమిటని వారి వాదం.

ఆ రోజుల్లో కొండకు ఒకటే తోవ. ఇప్పుడు మెట్లున్న చోటనే, గుండ్లు పట్టుకుని, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కేవారు. దానిని నిచ్చెన దారి అనేవారు. పాలకుండ తలమీద పెట్టుకుని నిచ్చెన ఎక్కినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు.

గొల్లల్లో చెన్నక్క అనే ఇల్లాలు ఉండేది. భర్త విషజ్వరంతో పోయాడు. ఇంట్లో ఆమె, అత్త ఓబుళమ్మ, ఒక చిన్న మంద మిగిలారు. భర్త పోయిన ఏడాదే, పండుగనాడు నిచ్చెన దారిన దిగుతుండగా గుండు దొర్లి చెన్నక్క కుడి మోకాలు చితికింది. కట్టు కట్టారు గాని ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచి ఆమె అడుగు తీసి అడుగు వేస్తే తల ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలిచేది. మరుసటి ఏడు ఆమె కుండ కొండెక్కలేదు. ఆ పై ఏడూ ఎక్కలేదు. మూడవ ఏడు పండుగ ఇంకా నెలల దూరాన ఉండగానే మరిది నల్లప్ప వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

నల్లప్ప చెడ్డవాడు కాదు. లెక్క తెలిసినవాడు, అంతే.

"వదినా, ఈ తూరి నీ కుండ నా పెండ్లాం ఎత్తుకపోతాదిలే. మేర నా కిందికి వచ్చినా నీ గొర్రెల్ని నేనేమన్నా తరుముతానా?" అన్నాడు.

"తరమవులే నల్లప్పా," అంది చెన్నక్క. "ఇయ్యాల నువ్వు తరమవు. రేపు నీ కొడుకు తరుముతాడు. ఎల్లుండి ఈ గొర్రెలు ఎవురివని అడుగుతారు."

"మరి ఎక్కగలవా?"

"ఎక్కుతా."

"యాడ ఎక్కుతావు? నీ వాకిలి నువ్వు ఎక్కనీకే గడప పట్టుకుంటాండావు."

పొయ్యిమీద సంకటి కలుపుతున్న ఓబుళమ్మ తెడ్డు ఎత్తి చూపి, "గడప ఎవురైనా పట్టుకుంటారులేరా. నువ్వు కల్లు తాగొచ్చిన దినం నువ్వూ పట్టుకుంటావు," అంది. నల్లప్ప నవ్వుకుంటూ లేచిపోయాడు.

స్థలపురాణాలలో సాధారణంగా ఇటువంటి చోట స్వామి కలలో కనిపించి దారి చెబుతాడు. చెన్నక్కకూ ఆ ఆశ ఉండింది. ఉపవాసం ఉండి, కొండ మొదట్లో స్వామి పాదాల గుర్తులున్న గుండు దగ్గర నిద్ర చేసింది. తెల్లవారింది. కల రాలేదు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే ఓబుళమ్మ, "ఆయన నీ కలలోకి రావాలన్నా ఆ నిచ్చెన దారినే దిగిరావాల గదమ్మే. ఆయనకూ మోకాళ్లు నొప్పులేమో," అంది.

చెన్నక్కకు నవ్వు వచ్చింది. నవ్విన తరువాత ఆ మాట మనసులో నాటుకుంది. నిచ్చెన దారిని ఎక్కడం తన వల్ల కాదు. కలలు కన్నా, కన్నీళ్లు కార్చినా కాదు. అయితే కొండ అంటే నిచ్చెన దారి ఒకటేనా? కొండకు వీపు లేదా?

మరుసటి రోజునుంచి ఆమె గొర్రెలను కొండ వెనుకకు తోలడం మొదలుపెట్టింది. మొదట మందలోని మేకల జాడను నమ్మింది. మేకలు కొండంతా తిరుగుతాయి గనుక వాటి వెంట పోతే చాలని అనుకుంది. ఇది పొరపాటు. మేకకు దారి అక్కరలేదు, ఆకు కావాలి. మేక జాడ ఆమెను ఒక చరియ కొసకు తీసుకుపోయి వదిలేసింది. అక్కడినుంచి కిందికి చూసి, చెట్టు వేరు పట్టుకుని, కూర్చుని, మెల్లగా వెనక్కు జరిగి ప్రాణంతో ఇంటికి వచ్చింది. మేకను నమ్మి కొండెక్కినట్టు అనే మాట ఈ ప్రాంతంలో నేటికీ వినిపిస్తుంది.

ఆ తరువాత ఆమె మేకలను విడిచి కుండను నమ్మింది. మడుగులో నిండా నీళ్లు ముంచుకుని, కుండ తలకెత్తుకుని వెనుక వాలున నడక సాగించింది. ఎక్కడ కుండ ఒలికి నీళ్లు మెడమీద పడితే అక్కడ ఆ వాలు తన కాలికి ఎక్కువ అన్నమాట. వెంటనే ఆగి, ఒలకని చోటికి వెనక్కు వచ్చి, అక్కడ ఒక రాయి నిలిపి, మరో పక్కకు తిరిగేది. అటూ ఒలికితే ఇంకో పక్కకు. కొన్ని రోజులు సాయంత్రానికి ఒక్క రాయి కూడా కొత్తగా నిలిచేది కాదు. తడిసిన రవికతో ఇంటికి వచ్చే కోడలిని చూసి ఓబుళమ్మ, "కొండకు నీళ్లు పోస్తాండావా, మొలకెత్తుతాదేమో సూడు," అనేది. అంటూనే వంకరకాలికి ఆముదం వెచ్చచేసి రాసేది.

చలి వెళ్లింది. మోదుగులు పూసి రాలాయి. రాళ్ల వరుస మలుపులు తిరుగుతూ కొండ నడుము దాటింది. ఇప్పుడు ఒలకని దారిలో దారిపక్కన నిలువుగా పాతి పసుపు రాసిన రాళ్లు ఆ వరుసవే. వాటిమీద కూర్చోరాదు, కాళ్లు పెట్టరాదు. పక్కన కూర్చోవచ్చు.

పండుగ దగ్గరపడిన వేళకు చెన్నక్క పైనున్న అడ్డుబండను చేరింది. గోడలా అడ్డం నిలిచిన ఆ బండ కింద ఇంటి చూరు కిందిలాగ సన్నని తావు ఒకటి చదునుగా సాగి, అవతల గుహ పక్కకు తేలుతుంది. తావు ఎత్తు తక్కువ. మనిషి నిలబడితే తల తగులుతుంది. కుండ లేకుండా పాకుతూ పోయి, అవతల గుహ పక్కనున్న నెర్రెను, అంటే రాతి చీలికను, కంటితో చూసి వచ్చింది. పండుగనాడు కుండను చేతుల్లోకి తీసుకుని వంగి నడుద్దామని మనసులో అనుకుంది. దారి దొరికిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మేవారు లేరు. ఒక్క అత్తకు మాత్రం చెప్పింది.

చతుర్దశినాడు వేకువనే పాలు పిండి, కుండ నింపి, చుట్టకుదురు మీద నిలుపుకుని చెన్నక్క బయలుదేరింది. మిగిలిన ఆడవారు మధ్యాహ్నం దాటాక నిచ్చెన దారి పట్టారు. చెన్నక్క గుడిసెకు తడిక వేసి ఉండడం, లోపలినుంచి ఓబుళమ్మ పలకకపోవడం చూసి, అవమానం పడలేక పుట్టింటికి పోయిందని చెప్పుకున్నారు.

వైశాఖపు ఎండ సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు, బయటివారికి చెప్పినా తెలియదు. కుండ దించే వీలు లేదు. చెట్టు నీడ వచ్చినప్పుడు నిలబడి ఊపిరి తీసుకుంది, అంతే. ప్రతి మలుపులోనూ తాను నిలిపిన రాయి కనిపించేది. ఒలకలేదు. పొద్దు వాలింది. అడ్డుబండ చేరింది. కుండను తలమీది నుంచి చేతుల్లోకి తీసుకుని వంగింది. వంకర మోకాలు వంగి నిలిచింది గాని అడుగు వేయనియ్యలేదు. ఒక్క అడుగుకే కాలు వణికి, పాలు అంచుదాకా వచ్చాయి. మళ్లీ నిలబడి కుండను తలమీద పెట్టుకుంది. ఇంకోసారి ప్రయత్నించింది. ఇంకోసారీ అంతే. బండకు అవతలనుంచి డప్పులు వినిపిస్తున్నాయి. పాలు పోయడం మొదలైంది.

చెన్నక్క కాళ్లు ఇక నిలవలేదు. కుండ తలమీదనే ఉండగా బండకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఏడుపు వచ్చింది. తలమీద కుండ ఉన్నవారికి ఏడ్చే సౌకర్యం కూడా లేదు. తల వంచితే ఒలుకుతుంది. అందుకని తల నిలిపి, ఎదురుగా చూస్తూనే కన్నీరు కార్చింది. అలా చూస్తూ ఉండగా తెలిసింది. తాను కూర్చున్నది చూరు కిందనే. కుండ తలమీదనే ఉంది. కుండ అంచు బండకు తగలడం లేదు.

నిలబడితే పట్టని దారి కూర్చుంటే పట్టింది.

ఒక చేత్తో కుండ పట్టుకుని, రెండో చేత్తో నేలమీద ఊతం పట్టి, మంచి కాలితో నెట్టుకుంటూ ఆమె కూర్చునే జరగడం మొదలుపెట్టింది. జానెడు జరిగి ఆగేది. పాలు కుదురుకున్నాక మళ్లీ జానెడు.

గుహ దగ్గర ఆ సమయంలో జరిగింది తరువాత అందరూ ఆమెకు చెప్పారు. అర్చకుడు సింగరయ్య మొదటి కుండ అందుకుని స్వామి శిరస్సున పోశాడు. పాలు ఎప్పటిలా నుదుటిమీదుగా పాదాలకు దిగలేదు. కుడి చెవి పక్కనుంచి కారిపోయాయి. రెండో కుండా అంతే. సింగరయ్య దీపం ఎత్తి చూసి వెనక్కు తగ్గాడు. స్వామి తల పక్కకు తిరిగి ఉంది.

"స్వామి మొగం తిప్పుకున్నాడు! ఎవురో తప్పు చేసినారు!" అని కేక వేశాడు.

జనం గడగడలాడారు. చెంపలు వాయించుకున్నారు. ఒకామె ముందుకు వచ్చి, తన కుండలో నీళ్లు కలిపిన మాట నిజమేనని ఒప్పుకుంది. ఆ వెనుకే ఇంకొకామె, తాను కలిపింది కొంచెమేనని చెప్పింది. మరికొందరు తమ కుండలను కొంగుతో కప్పుకున్నారు.

నల్లప్ప మాత్రం స్వామి ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. కోపం వచ్చినవాని దవడ ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఇది అది కాదు. వాకిట్లో నిలబడి, సంతకు పోయినవారు ఇంకా రాలేదేమని చూసేవారి ముఖం అలా ఉంటుంది. అతను ఆ చూపు వెంబడి తిరిగాడు. గుహ ఎడమ గోడలో ఉన్న నెర్రెలోనుంచి బయటికి చూశాడు. బండ చూరు కింద, నేలమీద కూర్చుని, తలమీద కుండతో జానెడు జానెడు జరుగుతూ వస్తున్న మనిషి కనిపించింది.

పొద్దు అప్పటికే కొండల వెనక్కు పోయింది. ఇంకాసేపు ఊరుకుంటే చీకటి పడుతుంది, మేర తనది అవుతుంది. ఈ సంగతి నల్లప్పకు తట్టలేదని చెప్పడం సరికాదు. తట్టింది.

"కోపం కాదు సామీ," అన్నాడు చివరకు. "ఆయన మా వదిన కోసం సూస్తాండాడు."

అందరూ నెర్రె దగ్గరికి పరుగెత్తారు. నల్లప్ప అవతలికి పోయి, చేతులు చాచి, "ఇట్లా ఇయ్యి వదినా, నేను పట్టుకుంటా," అన్నాడు.

"తాకొద్దు!" అంది చెన్నక్క. అని, కొంచెం మెత్తగా, "తాకొద్దు నల్లప్పా. పక్కన నిలబడు, సాలు," అంది.

అతను పక్కన నిలబడ్డాడు. ఆమె చూరు దాటి, బండ పట్టుకుని, లేచి నిలిచింది. ఒరుగుతూ, నిలుస్తూ గుహలోకి నడిచింది. కులపెద్దల్లో ఒకరు పొద్దు గుంకింది గదా అని సందేహం ఎత్తారు. సింగరయ్య కుండ అందుకుంటూ, "ఈయన పుట్టిందే పగలూ కాని, రాత్రీ కాని వేళ. ఆ వేళ ఎంతసేపు ఉండాల్నో నువ్వు చెప్తావా ఆయనకు?" అని అడిగాడు. ఆ సందేహాన్ని మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చెన్నక్క పాలు స్వామి నుదుటిమీదుగా, తిరిగిన ముఖం మీదుగా జారి, ఒడి నిండి, పాదాలకు చేరాయి. ఆమె ఇంటి మేర ఆమెకు నిలిచింది.

పూజ ముగిసింది గాని స్వామి తల తిరిగి ముందుకు రాలేదు. ఎందుకు రాలేదని నల్లప్ప అడిగితే, "ఇంకా ఎవురో వచ్చేది ఉందేమో," అన్నాడు సింగరయ్య.

ఉంది. మరునాడు చెన్నక్క ఇంటికి చేరేసరికి ఓబుళమ్మ గడపలో చేతికర్రతో సిద్ధంగా కూర్చుని ఉంది. నిచ్చెన ఎక్కలేక ఆమె స్వామిని చూసి ఎన్నేండ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

"దారి ఉందంట గదా. నేనూ పోతా," అంది.

"రేపు పోదాం అత్తా, నేను తోడొస్తా," అంది చెన్నక్క.

"నీతో వద్దులే," అంది ఓబుళమ్మ. "నువ్వు బిరబిరా నడుస్తావు."

చెన్నక్కను ఆ మాట అన్నవారు అంతకు ముందు గాని ఆ తరువాత గాని లేరు. మరునాడు అత్త ముందు, కోడలు వెనుక నడిచారు. అత్త ఎక్కడ ఆగితే కోడలు అక్కడ ఆగింది. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పట్టింది. ఒలకని దారిన నడిచే పద్ధతి ఆనాటినుంచే స్థిరపడింది.

ఆ పద్ధతి ఇది. ఎంతమంది కలిసి వచ్చినా వారిలో అందరికంటె నిదానంగా నడిచేవారు ముందుండాలి. వారిని ఎవరూ దాటిపోరాదు. త్వరగా రమ్మని వారితో అనరాదు. పాలచెంబు వారి చేతిలోనే ఉండాలి. అడ్డుబండను ఇప్పుడు కూర్చునే బండ అంటున్నారు. అక్కడ వస్తాదైనా, అధికారి అయినా నేలమీద కూర్చుని జరగవలసిందే. చక్రాల కుర్చీలు అక్కడిదాకా వస్తాయి. ఆ తరువాత అందరిదీ ఒకే నడక. బండ కింద నేల తరతరాలుగా జరిగినవారి వల్ల నున్నగా, చల్లగా ఉంటుంది. పిల్లలు అక్కడినుంచి కదలబోమని మారాం చేస్తారు. వారిని కోప్పడవద్దు.

వైశాఖ శుద్ధ చతుర్దశినాటి సాయంత్రం అభిషేకానికి ఫలానా సమయమని దేవస్థానం వారు ఏ పలకమీదా రాయించరు. చెన్నక్క ఇంటివారిలో ఒకరు ఎడమ గోడ నెర్రె దగ్గర నిలబడి బయటికి చూస్తారు. అర్చకుడు పాలకుండ ఎత్తి పట్టుకుని, "ఇంకా ఎవరైనా దారిలో ఉన్నారా?" అని గట్టిగా అడుగుతాడు. ఉన్నారని జవాబు వస్తే కుండ దించి, డప్పులవారిని కూర్చోమంటాడు. జనం కూడా కూర్చుంటారు. పిల్లలకు పానకం, వడపప్పు పెడతారు. కొన్ని ఏండ్లు చీకటి బాగా ముదిరిన తరువాత గాని అభిషేకం జరగలేదు.

ఈ దారిన నడిచి స్వామిని సేవించినవారికి కాళ్లనొప్పులు తగ్గుతాయని, ఆగిన పనులు కదులుతాయని, మేరల తగాదాలు తీరుతాయని పెద్దలు చెబుతారు. నడవలేనని ఇంటివద్ద ఉండిపోయినవారు మీ ఇంట ఉంటే, వచ్చేసారి వారిని ముందు పెట్టుకుని రావలసినది. వారు వచ్చేదాకా స్వామి అటే చూస్తూ ఉంటాడు.